అద్దె పేరుతో అంగడి

మన పూర్వులు ఈ ప్రాంతములకు వచ్చి స్థిరపడినపుడు వారివెంట వచ్చినది చేతిపని. షోలాపురమునకు మగ్గము వెంట వెళ్ళినవారు గలరు. బరంపురమున పట్టు నేసినవారు గలరు. కోయంబత్తూరు చుట్టుపట్ల నల్లరేగడి దున్ని ప్రత్తి పండించి, పిమ్మట ఆ ప్రత్తికే మిల్లులు నెలకొల్పినవారు గలరు. పని ముందు వచ్చినది. అంగడి తరువాత వచ్చినది. అంగడికి పేరు వచ్చుటకు ఒక తరము పట్టినది. నేడు మన యువకులు వ్యాపారము తలపెట్టునపుడు ఈ వరుస తలక్రిందులగుచున్నది. ముందుగా పేరు కావలెను. ఆ పేరును డబ్బిచ్చి తెచ్చుకొనవచ్చునని చెప్పువారు పత్రికలలోను, ప్రదర్శనశాలలలోను, చేతిలోని టెలిఫోనులోను నిత్యము కనబడుచున్నారు. తేనీటి దుకాణములు, మందుల దుకాణములు, పసిపిల్లల బడులు ఈ త్రోవనే నడచినవి. ఇప్పుడు పెంపుడు జంతువుల వంతు వచ్చినది. కుక్కలకును పిల్లులకును స్నానము చేయించి, వెండ్రుకలు కత్తిరించి, గోళ్ళు తీసి, యజమానులు ఊరికి వెళ్ళినపుడు వానిని కనిపెట్టుకొని యుండు దుకాణములను ఫ్రాంచైజీ పద్ధతిపై తెరువుడని ఆహ్వానించుచున్నారు. బెంగుళూరు, చెన్నై, పుణె నగరములలోని మన యిండ్లలో ఈ ప్రస్తావన వినబడుచున్నది గనుక దీనినిగూర్చి నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తలచితిమి.

ఫ్రాంచైజీ యనగా, ఒక సంస్థ తన పేరును, చిహ్నమును, పని పద్ధతిని మనము కొంతకాలము వాడుకొనుట కనుమతించును. అందులకు మనము మొదట ఒక పెద్ద మొత్తమును, పిదప ప్రతి నెల వసూళ్ళలో నింత పాలనియు చెల్లింపవలెను. ఈ పాలును రాయల్టీ యందురు. దుకాణపు అద్దె మనది, సామగ్రి మనది, జీతములు మనవి, నష్టము వచ్చిన నదియు మనదే. గడువు తీరిననాడు గోడమీది బోర్డు దిగిపోవును. ఐదేండ్లు కష్టపడి మనము ఆ వీధిలో సంపాదించిన మంచిపేరు ఆ బోర్డుతో గూడ వెళ్ళిపోవును. పేరును కొంటిమని మనవారు చెప్పుకొనుచున్నారు గాని, వారు చేసినది పేరును అద్దెకు తీసికొనుట మాత్రమే.

ముందుగా ఒక మాట తేల్చవలెను. కుక్కకు నీళ్ళు పోసి బ్రతుకుట యేమి బ్రతుకని కొందరు పెద్దలు ముఖము చిట్లించుచున్నారు. మేము ఈ మాటను అంగీకరింపము. మనుష్యుల తల గొరిగిన చేతిని, బట్టలుతికిన చేతిని చిన్నచూపు చూచిన పాపము మన సంఘమునకు ఇదివరకే చాలినంత గలదు. దానికి క్రొత్తగా కూర్పనక్కరలేదు. నోరులేని ప్రాణిని నొప్పి కలుగకుండ శుభ్రపరచుట నేర్పుతో గూడిన పని. నగరములలో దానికి గిరాకి పెరుగుటకు కారణములును స్పష్టముగనే యున్నవి. భార్యాభర్తలిరువురును ఉద్యోగములకు వెళ్ళు ఇండ్లు పెరిగినవి. పిల్లలు విదేశములలో నుండగా ఒంటరిగ మిగిలిన వృద్ధులు కుక్కను తోడు తెచ్చుకొనుచున్నారు. అపార్టుమెంటులలో పెరడు లేదు; మిద్దెమీద నీళ్ళు పోయుటకు పొరుగువారొప్పరు. కావున పని గౌరవమైనదే, గిరాకియు నున్నది. మా సందేహము పనినిగూర్చి కాదు. పని తెలియకుండ పేరునకు పెట్టుబడి పెట్టుటనుగూర్చి.

ఈ పనిలో నేర్పు ఎక్కడ నున్నదో చూడుడు. జడలు కట్టిన బొచ్చుపై నీళ్ళు పోసిన ఆ జడ మరింత బిగియును. దాని క్రింద చర్మము లాగబడి నొప్పిపుట్టును, తడి నిలిచి పుండగును. అందుచేత దువ్వుట ముందు, స్నానము వెనుక. పొమరేనియను, గోల్డెన్ రిట్రీవరు, హస్కీ వంటి జాతులకు రెండు పొరల బొచ్చుండును. లోపలి మెత్తని పొరయు, పైనుండు గరుకు వెండ్రుకలును గూడి చలినుండియే గాక ఎండనుండియు చర్మమును కాపాడుచుండును. వేసవి వచ్చినది గదా, గుండు చేసి పంపుడని యజమాని అడుగును. పని తెలిసినవాడు కూడదని చెప్పి, లోపలి బొచ్చును మాత్రము దువ్వి తీసివేయును. తెలియనివాడు యంత్రము పెట్టి గొరుగును. కొన్నింటికి ఆ వెండ్రుకలు మరల సరిగా మొలవవు. కుక్క నాలుక చాచి రొప్పుట చేతనే ఒంటి వేడిని తగ్గించుకొనును. పగ్గు, షిట్సూ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ రొప్పుటయే కష్టము. అట్టి దానిని పంజరములో నుంచి వేడిగాలి డ్రయ్యరు పెట్టి ప్రక్కకు వెళ్ళినచో, వడదెబ్బ తగిలి నిమిషములలో ప్రాణము పోవచ్చును. గోటిలో రక్తనాళ మెంతవరకున్నదో తెల్లని గోటిలో కనబడును, నల్లని గోటిలో కనబడదు. కావున కొంచెము కొంచెముగా తీయవలెను. కుక్కలమీది పిడుదులకు వాడు మందులలో పెర్మెత్రిన్ అనునది గలదు. అదే మందు పిల్లికి విషము. మనుష్యులు వాడు షాంపూ కుక్క చర్మమునకు సరిపడదు. చెవిలో నీరు నిలిచిన చెవి చీము పట్టును.

ఇవి యెల్ల పుస్తకమున చదివిన చాలదు; చేయి మరగవలెను. మూలసంస్థవారు శిక్షణ యిత్తుమందురు. ఎన్ని దినములు? ఎవరికి? ఎన్ని కుక్కలమీద? ఈ మూడు ప్రశ్నలకు వారు చెప్పు జవాబును బట్టియే ఆ సంస్థ విలువ సగము తేలిపోవును. పెక్కు చోట్ల యజమాని బల్ల దగ్గర కూర్చుండి చీట్లు వ్రాయును, పని తెలిసిన కుర్రవాడు లోపల నుండును. ఆ కుర్రవాడు మరియొక దుకాణమువారు రెండువేలెక్కువ యిత్తుమనగనే వెళ్ళిపోవును. వాడు వెళ్ళిన మరునాటినుండి దుకాణము పేరుకే యుండును. పేరు మూలసంస్థ చేతిలో, పని పనివాని చేతిలో, అప్పు మాత్రము మన చేతిలో! ఇట్టి వ్యాపారము ఎవరి వ్యాపారమని చెప్పవలెను?

ఆరోగ్య విషయమునను జాగ్రత్త వలెను. పిచ్చికుక్క కాటు వలన కలుగు వ్యాధి ఒకసారి లక్షణములు చూపినచో దాదాపు ప్రాణాంతకమే. దుకాణమున పనిచేయు ప్రతివాడును ముందుగానే టీకా వేయించుకొనవలెను. టీకా చీటి చూపని కుక్కను లోపలికి రానీయరాదు. అట్లే, 1984 సం॥పు భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము రిజిస్టరైన పశువైద్యుడు తప్ప ఇతరులు పశువైద్యము చేయరాదు. సూది వేయుట, మత్తు ఇచ్చుట, పుండునకు చికిత్స చేయుట గ్రూమింగ్ దుకాణమువాని పనులు కావు. కదలక యుండుటకు కొంచెము మత్తుమందు పెట్టుడని యజమానులే అడుగుట కలదు. అడిగినవాడు కుక్కకు కీడు జరిగిననాడు వెంట రాడు. దుకాణమున కుక్కపిల్లలను గూడ అమ్మదలచినచో 2018 సం॥పు పెంపుడు జంతువుల దుకాణముల నియమావళి వర్తించును. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద రిజిస్టరు చేయించుకొనవలెను. మూలసంస్థ ప్రతినిధి అమ్మకమువలన లాభమెక్కువయని చెప్పునే గాని, ఈ నియమమును సాధారణముగ చెప్పడు.

ఇక న్యాయము సంగతి. అమెరికాలో ఫ్రాంచైజీ విక్రయించు సంస్థలకు 1979 నుండి ఒక నియమము అమలులో నున్నది. 2007లో దానిని సవరించినారు. డబ్బు పుచ్చుకొనుటకు గాని సంతకము చేయించుటకు గాని కనీసము 14 దినములు ముందుగా, 23 అంశములుగల ఒక వివరణపత్రమును కొనువాని చేతికీయవలెను. సంస్థపై నున్న వ్యాజ్యములు, యజమానుల దివాలాలు, అన్ని రుసుములు, తెరచిన దుకాణములెన్ని, మూసినవెన్ని అనునవి అందులో నుండవలెను. గడచిన సంవత్సరము వదలిపోయినవారి పేర్లును, వారిని కలిసికొనుటకు వలయు ఆచూకీయు గూడ నుండవలెను. మన దేశమున ఇట్టి ప్రత్యేక చట్టము లేదు. 1872 సం॥పు కాంట్రాక్టు చట్టము, 1999 సం॥పు ట్రేడ్ మార్కుల చట్టము, పన్నుల చట్టములు, వినియోగదారుల చట్టము - ఇట్లు పలుచోట్ల చెదరియున్న నిబంధనలే దిక్కు. మనము సంతకము చేసిన కాగితమే మన చట్టము. అందుచేత అక్కడివారికి చట్టము తెచ్చియిచ్చు వివరములను ఇక్కడ మనమే అడిగి తీసికొనవలెను. నడచుచున్న దుకాణముల జాబితాను సంస్థవారు సంతోషముగ నిత్తురు. మూసిన దుకాణముల జాబితాను అడుగుడు. ఇచ్చినచో వారిలో ఇద్దరింటికి వెళ్ళి కూర్చుండి మాటలాడుడు. అందుకగు రైలు ఖర్చు వ్యర్థము కాదు. ఇయ్యనిచో, ఆ యియ్యకపోవుటయే మీకు దొరికిన సమాచారము.

ఒప్పందములో మనవారు చూడక విడిచిపెట్టు చోటులు కొన్ని గలవు. మొదటిది హద్దు. ఫలానా పేటలో మీకు తప్ప మరెవ్వరికి నీయమని నోటితో చెప్పుదురు, కాగితమున అట్లుండదు. ఉన్నను, అదే సంస్థ తన సంచార వాహనమును మీ వీధికే పంపి ఇంటివద్దనే కుక్కకు స్నానము చేయింపవచ్చును. వాహనమునకు ఆ హద్దు వర్తించునా లేదా యను మాట వ్రాతలో నుండవలెను. రెండవది గడువు. ఒప్పందము ఐదేండ్లకు వ్రాయుదురు. మన నగరములలో దుకాణపు అద్దెకాగితము తరచుగ పదునొకండు నెలలకే యుండును. ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయింపవలయునని చట్టముండుటయే అందులకు కారణము. పన్నెండవ నెలలో ఇంటి యజమాని ఖాళీ చేయుమన్నచో, గోడలకు వేసిన పలకలు, తొట్లు, నీటి గొట్టములు, బోర్డు అన్నియు పోయినట్లే. మూలసంస్థకు చెల్లింపవలసినది మాత్రము నాలుగేండ్లు మిగిలియుండును. కౌలు గడువును ఒప్పందపు గడువును ఒకటిగ నుండునట్లు చూచుకొననివాడు ఇసుకమీద గోడ కట్టుచున్నాడనుట కద్దు.

మూడవది సరకు. షాంపూలు, తువాళ్ళు, కత్తెరలు తమవద్దనే కొనవలెనని సంస్థలు నిబంధన పెట్టుట సాధారణము. రాయల్టీ తక్కువగ చూపి ఈ సరకుమీద లాభము తీయు సంస్థలుండవచ్చును. అట్టి సంస్థ ధరలపట్టికను బజారు ధరలతో పోల్చక సంతకము చేయరాదు. నాలుగవది బాధ్యత. డ్రయ్యరు క్రింద ఒక కుక్క మరణించినదనుకొందము. యజమాని 2019 సం॥పు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద దుకాణముమీదను, మూలసంస్థమీదను ఫిర్యాదు చేయవచ్చును. కాని సంస్థకు కలిగిన నష్టమునెల్ల దుకాణదారుడే భరింపవలెనను వాక్యము ఒప్పందమున సాధారణముగ నుండును. యంత్రము వారు పంపినదైనను అంతే. కావున బీమా ఎవరు చేయవలెను, ఎంతకు చేయవలెనని ముందే తేల్చుకొనవలెను.

అయిదవది తగవు తీర్చుకొను చోటు. మధ్యవర్తిత్వము డిల్లీలోనో, గురుగ్రామములోనో, ముంబైలోనో జరుగవలెనని యుండును. హోసూరులో నున్న దుకాణదారుడు ఒక్కొక్క వాయిదాకు అక్కడికి వెళ్ళి, వకీలును పెట్టి, హోటలులో దిగవలెను. రెండు లక్షల తగవునకు మూడు లక్షలు ఖర్చు చేయువాడెవడు? తగవు మానుకొనును. ఆ వాక్యము వ్రాసినవారి యుద్దేశము నెరవేరును. పెద్దవారికే ఈ తగవులు తేలికగ తెమలవు. మెక్డొనాల్డ్స్ సంస్థకును ఉత్తర భారతమున దాని భాగస్వామికిని 2013లో పుట్టిన వివాదమునందు, 2017లో 169 హోటళ్ళకు సంబంధించిన అనుమతిని సంస్థ రద్దుచేసినది. 2019లో భాగస్వామి వాటాను సంస్థయే కొనుటతో గాని అది ముగియలేదు. ఆరేండ్లు వకీళ్ళను పోషింపగల శక్తి మనలో నెందరికి గలదు?

మరియొకటి. మూలసంస్థయే అమ్ముడుపోవచ్చును. అమెరికాలో డెన్వరు నగరమున 2000 సం॥న ఆరంభమైన క్యాంప్ బౌ వౌ అను కుక్కల సంరక్షణశాల 2003 నుండి ఫ్రాంచైజీలిచ్చినది. 2014లో వీసీఏ అను పశువైద్యశాలల సంస్థ దానిని కొన్నది. 2017లో ఆ వీసీఏనే మార్స్ సంస్థ కొన్నది. ఒకరితో మాటలాడి సంతకము చేసిన దుకాణదారునికి మూడవవారు యజమానులైరి. ఇందులో తప్పేమియు లేదు. కాని తమ హక్కును ఇతరులకు బదిలీ చేయు స్వేచ్ఛ సంస్థకుండి, మన దుకాణమును మన తమ్మునికి బదిలీ చేయు స్వేచ్ఛ మనకు లేకుండుట మాత్రము అడుగదగిన విషయము.

మన పక్షమున నున్న నిబంధన యొకటి చెప్పకపోవుట న్యాయము కాదు. ఒప్పందము ముగిసిన పిదప మూడేండ్లు ఇదే వ్యాపారము చేయరాదని వ్రాయుదురు. కాంట్రాక్టు చట్టపు 27వ సెక్షను ప్రకారము, వృత్తి చేసికొనకుండ ఒకనిని నిర్బంధించు ఒడంబడిక చెల్లదు. ఒప్పందము నడచుచుండగా పోటీ వ్యాపారము చేయరాదనుట మాత్రము చెల్లునని సుప్రీముకోర్టు 1995లో కోకాకోలా, గుజరాత్ బాట్లింగ్ కంపెనీల వ్యాజ్యములో నిర్ణయించినది. అనగా, నడచునంతకాలము సంకెల గట్టిది. విడిచిన పిదప చేతులు మనవి. కాని సంస్థ పేరు, చిహ్నము, వినియోగదారుల పట్టిక అప్పుడు వాడరాదు. దుకాణపు టెలిఫోను నంబరు ఎవరి పేర నున్నదో చూచుకొనుడు. పాత ఖాతాదారులు మిమ్ము వెదకుకొనునది దానిచేతనే.

ఇప్పుడు లెక్క వేయుదము. ఇది ఊహించిన లెక్కయే గాని, అంకెలు అసంభవములు కావు. ఎవరి యూరి ధరలను బట్టి వారు మార్చుకొనవచ్చును. ఒక కుక్కకు సగటున రూ.1,000 వసూలగుననుకొందము. నెలకు 26 పనిదినములు, దినమునకు 8 కుక్కలు. సుమారు రూ.2,00,000 వచ్చును. ఒక పనివాడు దినమునకు నాలుగైదు కుక్కలకు మించి శ్రద్ధగ చేయలేడు గనుక ఇద్దరు పనివారును, ఒక సహాయకుడును వలెను, జీతములు రూ.66,000. అద్దె రూ.45,000. షాంపూలు మున్నగు సరకు రూ.24,000. కరెంటు, నీరు రూ.14,000. నూటికి ఏడు చొప్పున రాయల్టీ రూ.14,000. ప్రచారనిధికి నూటికి రెండు చొప్పున రూ.4,000. మొత్తము రూ.1,67,000 పోగా మిగిలినది రూ.33,000. ప్రవేశపు రుసుము, గోడలు, యంత్రములు, అద్దె ముందస్తు అన్నిటికిని 15 లక్షలు బ్యాంకు అప్పు, నూటికి 11 వడ్డీ, ఐదేండ్ల గడువు అనుకొన్నచో నెలవాయిదా సుమారు రూ.32,600. ఉదయమునుండి రాత్రివరకు తడి నేలమీద నిలిచిన యజమానికి దక్కినది నాలుగువందల రూపాయలు!

ఈ లెక్కలో ఒక అంశమును గమనింపవలెను. రాయల్టీ లాభముమీద కాదు, వసూలుమీద. వర్షాకాలమున రాకపోకలు తగ్గి కుక్కలు దినమునకు ఆరైనచో, మనకు నష్టము వచ్చిన నెలలోనే సంస్థకు ఆదాయము వచ్చును. దానిపై నూటికి 18 చొప్పున జీఎస్టీ గూడ వేయుదురు. సేవల వ్యాపారమునకు ఏడాది వసూలు 20 లక్షలు మించినచో మనము రిజిస్టరు చేసికొనవలెను, అపుడా పన్నును సర్దుబాటు చేసికొనవచ్చును. చిన్న దుకాణము రిజిస్టరు కానిచో అది చేతినుండి పోయిన సొమ్మే. అద్దె పేరు లేనిచో ఈ పద్దులో నెలకు రూ.18,000 మిగిలియుండును, ప్రవేశపు రుసుమునకు చేసిన అప్పును తగ్గును. పేరు తెచ్చిన కుక్కలు దినమునకు ఎన్ని? వీధిలోని సామాన్య దుకాణమునకు ఎన్ని వచ్చును? ఈ తేడాయే ఆ పేరు విలువ. దానిని తెలిసికొనుటకు ఒక ఉపాయము గలదు: ఆ సంస్థ దుకాణమెదుట ఒక వారము, సామాన్య దుకాణమెదుట ఒక వారము తేనీరు త్రాగుచు కూర్చుండి లోపలికి వెళ్ళు కుక్కలను లెక్కపెట్టుటయే. ప్రతినిధి చూపు రంగుల పటములకన్న ఈ లెక్క నిజమైనది.

ఊరినిబట్టియు ఆలోచింపవలెను. బెంగుళూరునకు కుదిరినది యానామునకు కుదురదు. సంస్థల ధరలపట్టికలు పొడవు వెండ్రుకల విదేశీ జాతులను మనసున నుంచుకొని వ్రాసినవి. మన రాజపాళయమును చూడుడు. తెలుగు రాజులు తరతరములుగ నివసించుచున్న ఆ పట్టణపు పేరు వహించిన తెల్లని వేటకుక్క పేరెరుగనివారుండరు. 2005లో భారత తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ళ వెలువరించినది. దాని బొచ్చు పొట్టిది, ఒంటికి అంటియుండును. అట్లే కర్ణాటకములోని ముధోలు కుక్కయు. వీనికి తడిగుడ్డతో తుడిచి, గోళ్ళు తీసి, చెవులు చూచిన చాలును. రెండువేల రూపాయల పూర్తి సేవ వీనికి అక్కరలేదు. మీ పేటలో ఏ జాతులెన్ని యున్నవో తెలియనిదే అంగడి వేయుట, ఊరిలో పాడి యెంతయో తెలియక నెయ్యి కొట్టు పెట్టుట వంటిది. నగరపాలక సంస్థలవారు పెంపుడు కుక్కలకు లైసెన్సులిచ్చు చోట్ల ఆ కార్యాలయమున విచారింపవచ్చును. పశువైద్యశాల బల్లమీద అరగంట కూర్చుండినను కొంత తెలియును.

అట్లైన ఏమి చేయవలెను? కోయంబత్తూరు జి.డి. నాయుడుగారి కథ మనవారికి క్రొత్తది కాదు. తెలుగు మాటలాడు కుటుంబమున 1893లో పుట్టిన ఆయన హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక మోటారుసైకిలు కొని, దానిని విప్పి, మరల బిగించి యంత్రవిద్య నేర్చుకొనిరి. 1920లో పొల్లాచ్చి పళనిల మధ్య ఒక్క బస్సుతో వ్యాపారమారంభించిరి. యంత్రము చేతికి వచ్చిన పిమ్మటనే బస్సు వచ్చినది. మన యువకుడును ఆరు నెలలు ఒక దుకాణమున జీతమునకు పనిచేయుగాక. కరవబడును, గీరబడును, తడియును. రెండు వందల కుక్కలు చేతిమీదుగ వెళ్ళిన పిదప ఈ పని తనకు సరిపడునో లేదో తెలియును. పిమ్మట ఇండ్లకు వెళ్ళి పని చేయవచ్చును. అందుకు ఒక క్లిప్పరు, ఒక చిన్న డ్రయ్యరు, కత్తెరలు, మడచు బల్ల, స్కూటరు చాలును. చేతిలో పని, వెంట నూరుమంది ఖాతాదారులు ఉన్ననాడు ముద్రా పథకము క్రింద హామీ లేకుండ 10 లక్షలవరకు అప్పునకు బ్యాంకునకు పోవచ్చును. బ్యాంకు అప్పుడు మన లెక్కలను చూచి ఇచ్చును.

ఫ్రాంచైజీ అన్నివిధముల చెడ్డదని మా మతము కాదు. ఎవరిని ఎవరెరుగని క్రొత్త పేటలలో, తలుపుకు తాళమువేసి కుక్కను అప్పగించి పోవువారికి ఎరిగిన పేరొకటి ధైర్యమిచ్చును. గణకము, సరకు, పని క్రమము ఇవి యన్నియు సిద్ధముగ దొరకుటయు లాభమే. పని నేర్చినవాడు, బేరమాడగలవాడు, రాయల్టీ పోను మిగులు లెక్క చూచినవాడు తీసికొన్నచో మేము సంతోషింతుము. అట్టివాడు సంస్థను ప్రశ్నింపగలడు. సంస్థయు అట్టివానిని గౌరవించును.

మనవంటి భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేకముగ రెండు విషయములు గలవు. మూలసంస్థ బోర్డు సాధారణముగ ఇంగ్లీషున నుండును; దానిని మార్చరాదని ఒప్పందమున నుండును. కర్ణాటకమున 2024 సం॥పు సవరణ ప్రకారము నామఫలకమున నూటికి అరువది పాళ్ళు కన్నడముండవలెను. మహారాష్ట్రమున 2022 సం॥పు సవరణ ప్రకారము దుకాణపు పేరు దేవనాగరి లిపిలో మరాఠీలో ప్రముఖముగ నుండవలెను. ఇవి న్యాయమైన నియమములు. ఏ నేల నీళ్ళు త్రాగుచున్నామో ఆ నేల భాషను గోడమీద వ్రాయుటకు మనకు సంకోచమేల? కాని బోర్డు చట్టమునకు సరిపడనిచో జరిమానా కాగితము వచ్చునది దుకాణదారుని పేర. క్రొత్త బోర్డు ఖర్చు ఎవరిదో ముందే వ్రాయించుకొనవలెను. ధరల చీటి, ఖాతాదారునితో మాట, కుక్కయజమాని సంతకము చేయు అంగీకారపత్రము స్థానిక భాషలోనే యుండవలెను. మన బిడ్డలకు ఆ భాష వచ్చును గనుక ఇది మనకు బలమే.

రెండవది ఇంటిలోపలి సంగతి. ఒప్పందము ఇంగ్లీషున నలువది పుటలుండును. దానిని చదివినవాడు, చదివినను, ఒక్కడే. అప్పునకు హామీగ సంతకము చేయునది తల్లియో, భార్యయో, విశ్రాంత ఉద్యోగియైన తండ్రియో. కాంట్రాక్టు చట్టపు 128వ సెక్షను ప్రకారము, వేరుగ వ్రాసికొననంతవరకు, హామీదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. కుమారుని అడిగిన పిమ్మటనే తల్లిని అడుగవలెనను నియమము బ్యాంకునకు లేదు. కావున సంతకమునకు ముందొక ఆదివారము ఇంటిలో అందరును కూర్చుండి, ఆ పత్రములో డబ్బునకు, గడువునకు, రద్దునకు సంబంధించిన పుటలనైన తెలుగున చెప్పించుకొని వినుడు. నగలపెట్టె తాళము ఎవరివద్ద నున్నదో వారికి అర్థమగువరకు చెప్పుడు. వారు అడుగు ప్రశ్నలను కాగితముమీద వ్రాసి, ఆ కాగితమును సంస్థ ప్రతినిధి ముందుంచి, జవాబులను నోటితో గాక వ్రాతలో తీసికొనుడు.